లాగి చూసిన అతుకు

ధర్మవరంలో పట్టుచీర కొనడానికి వచ్చినవాళ్లు అంచు చూస్తారు, కొంగు విప్పించి చూస్తారు, జరీని గోటితో గీకి చూస్తారు. నేసినవాడి పేరు అడిగేవాళ్లే అరుదు. ఇక పడుగు అతికిన మనిషి పేరు అడిగిన పుణ్యాత్ములు ఆ ఊళ్లో ఒక్కరూ కనబడలేదు. అడిగి ఉంటే మాత్రం, డెబ్బైల్లో ఆ మగ్గాల వీధిలో ఎవరైనా భద్రమ్మ పేరే చెప్పేవాళ్లు. చెప్పి ఊరుకోకుండా ఆమె నోటి గురించి కూడా ఒక మాట కలిపేవాళ్లు. ఆ నోటికి చిక్కకుండా బతికిన నేతగాడు ఆ వీధిలో లేడు మరి.

ఆమె పని ఏమిటో ముందు చెప్పాలి. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. ఒక పడుగు అయిపోవస్తున్నప్పుడు దాని చివరి దారాలను అచ్చులోనే, అంటే మగ్గానికుండే దువ్వెన లాంటి చట్రం పళ్ల మధ్యే, వదిలేసి, అచ్చుతో సహా అతికే మనిషి ఇంటికి తెస్తారు. వాటి కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా కలుపుతారు. వేల పోగులు, వేల అతుకులు. ముడి వేయడానికి వీల్లేదు. ముడి పళ్ల మధ్య ఇరుక్కుని పోగును తెంపుతుంది. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని, రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, ఒక్క మెలి తిప్పి, ఆ మెలిని దారం వెంటే పడుకోబెట్టాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే పట్టు జారిపోతుంది, మెలి విచ్చుకుంటుంది, ఏడుపొస్తుంది.

భద్రమ్మకు ఈ పనిలో కళ్లతో అవసరమే ఉండేది కాదు. వక్క నములుతూ, వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ, మగ్గం గుంతలో కాళ్లు దించుకుని నేస్తున్న మొగుణ్ణి తిడుతూ అతికేది. పోగు సన్నమో దొడ్డో, మెలి కుదిరిందో లేదో వేలికొసలే చెప్పేవి. ఆ వేళ్లను ఆమె ఊరికే సంపాదించుకోలేదు. పుట్టింది నల్లమాడ దగ్గర ఒక పల్లెలో, వాన కోసం ఆకాశం చూడడమే పనిగా బతికే శెనక్కాయల ఇంట్లో. కలుపు తీసి తీసి గరుకెక్కిన చేతులతో ధర్మవరం కోడలైంది. మొదటి రోజు ఆమె చేయి తగిలిన పట్టు తగిలినట్టే రేగిపోతే అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆపైన చాలాకాలం ఆ పిల్ల రోజూ మజ్జిగలో చేతులు నానబెట్టుకుని, ఇటుకరాయితో చర్మం అరగదీసుకుని, మళ్లీ నానబెట్టుకుంది. అట్లా కొత్తగా తెచ్చుకున్న వేళ్లవి. మొగుడు నరసింహప్ప మంచివాడే గానీ ఛాతీ జబ్బు మనిషి. నాలుగు పోగులు నేస్తే నలభై దగ్గులు దగ్గేవాడు. ఇల్లు గడిచేది భద్రమ్మ వేళ్ల మీదే.

అతకడం అయ్యాక ఇంకో పని ఉంటుంది, అదే అసలైనది. అతికిన పోగులను గుప్పెడు గుప్పెడుగా పట్టి లాగి చూడాలి. గట్టిగా కాదు, మెత్తగానూ కాదు. మగ్గం ఎంత లాగుతుందో అంత. ఊడేవి ఊడతాయి, వాటిని మళ్లీ అతకాలి. ఈ లాగడం కాకుండా ఏ నేతగాడూ పడుగు చుట్టి మగ్గానికి తీసుకుపోడు. వచ్చి గడపలో నిలబడి, "లాగి చూసినావా అక్కా?" అని అడుగుతాడు. "చూసినా" అంటుంది భద్రమ్మ. ఆ ఒక్క మాట మీద నెల రోజుల నేత నడుస్తుంది.

"లాగి చూడకుండా నమ్మింది నా మొగుణ్ణొక్కణ్ణే. దానికే ఇట్ల అనుభవిస్తాండా" అనేది ఆమె. గుంతలోంచి నరసింహప్ప దగ్గుతో పాటు నవ్వేవాడు.

ఆమెకు అసహ్యం పుట్టించేది ఒకటే, బంక. పక్క వీధిలో ఒకామె మెలి చేతకాక, తుమ్మబంక తాకించి కొసలు అంటించేది. చూడ్డానికి నున్నగా, చేతికి గట్టిగా ఉండేవి. మగ్గం ఎక్కి నాలుగు దెబ్బలు పడగానే జారిపోయేవి. ఎవరి చీరో పాడైందని తెలిసి భద్రమ్మ ఆ ఇంటి ముందుకు వెళ్లి వీధంతా వినేలా కడిగేసి వచ్చింది. "బంకతో అతికేదానికి ఈ పని ఎందుకే, పోయి గాలిపటాలు చేసుకో" అని. ఆ ఆడమనిషి మళ్లీ పడుగు ముట్టలేదు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఒక సాయంత్రం భద్రమ్మ లాంతరు గ్లాసు తుడుస్తోంది. కరెంటు ఉన్నా లేనట్టే ఉండే రోజులు, పొద్దుగూకితే లాంతరే దిక్కు. పాత గుడ్డకు బూడిద అద్ది, చెయ్యి గ్లాసు లోపలికి పెట్టి తిప్పుతుంటే గ్లాసు పగిలింది. పగిలిన అంచు కుడి మణికట్టు లోపలివైపు దిగింది. నరసింహప్ప చేతికందిన పట్టు పీలిక చుట్టి కట్టాడు. ఊళ్లో డాక్టరు పైన కుట్లు వేశాడు. గాయం చక్కగా మానింది, అందరూ దిష్టి పోయిందన్నారు.

మానినప్పటి నుంచే తంటా మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఆమెవి కాకుండా పోయాయి. ఉన్నాయి, వంగుతున్నాయి, కానీ ఏది తగిలినా తెలియడం లేదు. మొదట బూడిద బాగాలేదంది. తర్వాత పట్టు బాగాలేదంది. ఒకరోజు రొట్టె కాలుస్తుంటే తోటికోడలు ఓబమ్మ ఉలిక్కిపడి, "అక్కా, ఏందో కమురు వాసన" అంది. చూస్తే భద్రమ్మ చూపుడువేలు పెనం మీద ఉంది. తీసి చూసుకుంది. తోలు బొబ్బెక్కింది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడానికే ఆమె ఏడ్చింది.

అదే వారం పుల్లన్న పడుగు లాగి చూస్తే గుప్పెడు పోగులు గుప్పెడుగానే చేతికొచ్చాయి. పుల్లన్న ఆ వీధిలో పేరున్న నేతగాడు. పండితుడు మంత్రాల్లో తప్పు పట్టినట్టు అందరి నేతలో తప్పు పట్టేవాడు, భద్రమ్మ ముందు మాత్రం నోరెత్తేవాడు కాదు. ఊడిన పోగులను ఏరి పక్కన పెట్టి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని వచ్చి, "పా అక్కా, అనంతపురం పోదాం. ఆడ ఎవరో డాక్టరు ఉండాడంట, నరాలు చూస్తాడంట" అన్నాడు. రాప్తాడు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె దారంతా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునే ఉంది.

ఆ డాక్టరు నూర్ మహమ్మద్. కదిరి మనిషి, పొట్టిగా, బక్కగా, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. మద్రాసులో చదివేటప్పుడు కుందేళ్ల కాళ్లలో నరాలు కోసి, రకరకాల దారాలతో కుట్టి, ఏది బాగా కుదురుతుందో చూడడమే ఆయన పిచ్చి. ఇక్కడికొచ్చాక ఆ పిచ్చి పంచుకునేవాళ్లు దొరకలేదు. ఆసుపత్రిలో ఆయన ఆ మాట మొదలుపెట్టగానే తోటి డాక్టర్లు టీకి పోయేవాళ్లు.

ఆయన భద్రమ్మను కళ్లు మూసుకోమని వేళ్లను సూదితో పొడిచాడు. పొడిచినట్టే ఆమెకు తెలియలేదు.

"నరం తెగిపోయినాదమ్మా. తెల్లనరం, స్పర్శ మోసేది. పైన తోలు కుట్టినారు గానీ లోపల ఇది రెండు ముక్కలైంది. తెరిచి అతకల్ల."

"దేంతో అతుకుతారు సారూ?" అంది భద్రమ్మ.

డాక్టరు తల ఎత్తాడు. ఇన్నేళ్లలో నయమవుతుందా అని అడిగినవాళ్లు, ఎంతవుతుందని అడిగినవాళ్లు ఉన్నారు గానీ దేంతో అతుకుతావని అడిగినవాళ్లు లేరు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బయట వరసలో ఉన్నవాళ్లు గొణుక్కుంటున్నా పట్టించుకోలేదు.

"పట్టుతో కుట్టేవాళ్లు. ఇప్పటికీ చాలామంది దాంతోనే కుడతారు."

"పట్టంటే మా ఇంట్లోనే ఉండాది సారూ. మేలైనది తెస్తా. నీకు కావల్సినంత సన్నం తీసిస్తా."

ఆయన నవ్వాడు. "చీరకు మేలైందే. ఒంట్లో పనికిరాదు. పట్టు పోగు లోపలికి పోతే ఒళ్లు దాన్ని దొంగ అనుకుంటాది. చుట్టూ వాచి, గట్టిపడి, గడ్డ కడతాది. ఆ గడ్డలో నరం ఇరుక్కుంటాది."

"మరి?"

"నైలాను. నీ తలవెంట్రుక కన్నా సన్నం. ఒళ్లు దాన్ని ఏమీ అనదు."

భద్రమ్మ మొహం అదోలా పెట్టింది. ధర్మవరంలో నైలాను అనే మాట పట్టు ఇళ్లల్లో పైకి అనరు. పట్టని చెప్పి నైలాను కలిపి అమ్మినవాణ్ణి కులంలోంచి వెలివేసినంత పని చేశారు. ఆ దొంగ దారం తన చేతిలోకా అనుకుంది.

"అది కూడా నా దగ్గర కొంచెమే ఉండాది" అన్నాడు డాక్టరు. "మద్రాసు నుంచి తెచ్చుకున్నది. రెండు మూడు పోగులు వేస్తా, కొసలు ఎదురెదురు నిలబడేదానికి. మిగతాది బంకతో."

"బంకనా?"

"నీ రక్తంలోదే. రక్తం తీసి గిరగిర తిప్పితే పైన తేట నిలుస్తాది. దాంట్లో ఒక మందు కలిపితే పాలు తోడుకున్నట్ల గడ్డకడతాది. అతుకు చుట్టూ పోస్తా. సూది పోట్లు తక్కువ, గడ్డ తక్కువ. పరాయి వస్తువు కాదు కదా, నీదే."

"గట్టిగా ఉంటాదా సారూ?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "మొదట్లో బలముండదు. అందుకే మణికట్టు వంచి, పిండికట్టు వేసి పెడతా. నెల దాకా చెయ్యి చాపకూడదు. తెలిసిందా?"

తెలిసిందన్నట్టు తల ఊపింది. బలముండదన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయిందని ఆయనకు తెలియలేదు.

ఆపరేషన్ చేయి మొద్దుబార్చి చేశారు. మధ్యలో గుడ్డ అడ్డం. భద్రమ్మకు మెలకువగానే ఉంది. భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని ఆయన అవతల నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. "కొసలు దొరికినాయి అమ్మా… చివర గట్టిపడింది కోసేస్తాండా… ఇంగ ఎదురెదురు పెడుతున్నా… పోగు వేసినా." తన పనిలో తాను మాట్లాడినట్టే ఆయనా మాట్లాడుతున్నాడని ఆమెకు ముచ్చటేసింది. చివరికి, "బంక పోసినా. తోడుకుంటాంది" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని ఆమెకూ సంతోషమైంది. ఆసుపత్రిలో ఉన్న ఆ నాలుగు రోజులూ ఆమె నోరు మళ్లీ లేచింది. పక్క మంచాల వాళ్లందరినీ మందలించింది, మందలించినవాళ్లకే తన పండ్లు పంచింది.

ఇంటికొచ్చాక వీధి వీధంతా వచ్చింది. వంచి కట్టిన చేతిని చూసి, "దేంతో అతికినారు అక్కా?" అని అడిగారు. మిగతా ఊళ్లల్లో ఈ ప్రశ్న ఎవరికీ పుట్టదు. ధర్మవరంలో మొదట పుట్టేది ఇదే.

"నైలాను" అంది మెల్లగా. "రెండు పోగులే. మిగతాదంతా బంక."

ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుల్లన్న చుట్ట ఆర్పి, "డాక్టరు పెద్ద చదువు చదివినోడులే" అన్నాడు. వాళ్లంతా వెళ్లాక భద్రమ్మ చాలాసేపు చేతికట్టు వైపు చూస్తూ కూర్చుంది. గాలిపటాలు చేసుకోమని తిట్టిన ఆడమనిషి గుర్తుకొచ్చింది. ఆమె అతుకులు కూడా చూడ్డానికి నున్నగానే ఉండేవి.

ఆ తర్వాత ఆమెకు తిండి సయించలేదు. బంక నిలిచిందా, జారిందా? జారి ఉంటే నెల దాకా ఊరికే చెయ్యి కట్టుకుని కూర్చోవడం కాదా? ముందే తెలిస్తే ఇంకోసారి అతికించుకోవచ్చు గదా? ఏ పడుగైనా మగ్గం ఎక్కకముందే తెలుసుకుంటారు, ఎక్కాక తెలిస్తే నష్టం. చెయ్యి చాపొద్దన్నాడు డాక్టరు, నిజమే. పైకుట్లు మానాలని అన్నాడేమో. పైకుట్లు మానినట్టే ఉన్నాయి. ఇన్నేళ్లుగా లాగి చూడని అతుకును ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇప్పుడు తన చేతిలోని అతుకునే చూడకుండా ఉండమంటే ఆమె ఎట్లా ఉంటుంది? ఆమెను తప్పుపట్టేవాళ్లు ఉంటారు, పట్టనీ. నాకు మాత్రం తప్పుపట్టే మనసు రాదు.

ఇంటికొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, నరసింహప్ప గుంతలో నేస్తున్నాడు. మగ్గం చప్పుడు వినిపిస్తోంది. భద్రమ్మ లోపలి గదిలో గోడకానుకుని కూర్చుని, కట్టు విప్పి, పిండికట్టు బద్ద మీంచి చెయ్యి తీసింది. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు పట్టుకుని మణికట్టును మెల్లగా వెనక్కి చాపింది. తొందరపడలేదు. పట్టు పోగుకు ఎంత బలం పెట్టేదో అంతే పెట్టింది, ఒక్క పిసరు ఎక్కువ కాదు. లోపల ఎక్కడో చిన్నగా కదిలినట్టయింది. మోచేతి దాకా వెచ్చగా ఏదో పాకింది. అంతకు మించి ఏమీ జరగలేదు, నొప్పి కూడా లేదు. మళ్లీ వంచి, బద్ద మీద పెట్టుకుని, కట్టు పళ్లతో బిగించుకుంది.

"ఓబమ్మా" అని కేక వేసింది. "నిలిచినాదే. బంకైనా నిలిచినాది. లాగి చూసినా."

ఆ పూట రాగిసంకటి రెండోసారి పెట్టించుకుని తింది. డాక్టరు నూర్ మహమ్మద్‌కు, ఆయన పెళ్లాం పిల్లలకు, ఆయన్ని కన్న తల్లికి దండం పెట్టింది. ఆ తర్వాత వారానికోసారి, ధైర్యం తగ్గినప్పుడల్లా, మళ్లీ లాగి చూసుకుంది.

నెల దాటి కట్టు తీశాక డాక్టరు ఆమె మణికట్టు మీద వేలితో తట్టేవాడు. తట్టినచోట జుమ్మంటే నరం అక్కడిదాకా పెరిగినట్టు లెక్క. నెలనెలా ఆ జుమ్మనడం వేళ్లవైపు కొంచెం కొంచెం జరగాలి. మొదటిసారి గాయం దగ్గరే జుమ్మంది. తర్వాత వచ్చినప్పుడు అరచేతిలో తట్టాడు, ఏమీ లేదు. గాయం దగ్గరే. ఆ తర్వాతా అంతే.

"ఈడనే?"

"ఈడనే సారూ."

ప్రతిసారీ డాక్టరు మొహం వాడిపోయేది. ఒకసారి ఆమె ముందే కాంపౌండరుతో, "బంక పనికిరాలేదప్పా. కుందేలుకు పనిచేసినాది గానీ మనిషికి పనికిరాలేదు. ఇంగ ముట్టను" అన్నాడు. అంత చదువు చదివిన మనిషి అట్లా తనను తాను తిట్టుకుంటుంటే భద్రమ్మ చూడలేకపోయింది. ఓదార్చాలనిపించింది. పనివాడి బాధ పనివాళ్లకే తెలుస్తుంది గదా.

"బంక మంచిదే సారూ. నువ్వేం దిగులు పడొద్దు. నేను లాగి చూసినా."

"ఏమన్నావ్?"

"లాగి చూసినా. ఇంటికి పోయిన వారానికే. ఊడలేదు. ఆపైన కూడా చూసినా, వారం వారం. నీ అతుకు గట్టిదే."

డాక్టరు అరుస్తాడేమోనని కాంపౌండరు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"నీ పడుగు ఉండాదే, దాన్ని అతికితే పని అయిపోయినట్లే. పోగు చచ్చింది, పెట్టినకాడ ఉంటాది. ఇది అట్ల కాదమ్మా. నేను చేసింది రెండు కొసల్ని ఎదురెదురు పెట్టి కదలకుండా ఉంచడమే. పైకొసలోంచి నరం మొలిచి, కిందికొసలో దూరి, వేళ్ల దాకా పాకల్ల. నెలలు పడతాది. ఆ మొలక ఇంకా రాకముందే నువ్వు లాగితివి…"

భద్రమ్మ చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. ఆ చేతి స్పర్శ చిటికెనవేలి వైపు తెలుస్తోంది, మిగతా వైపు తెలియడం లేదు. "బంక జారలేదు గదా సారూ?" అంది. పిచ్చిదానిలా అడిగింది.

మళ్లీ తెరిచారు. రెండు కొసల మధ్య ఖాళీ ఉంది. పైకొస దారి దొరక్క అక్కడే చుట్టుకుని ఉండకట్టింది. ఆ ఉండను కోసేస్తే నరం ఇంకా పొట్టిదైంది. మద్రాసుకు రాసినా నైలాను రాలేదు. ఆసుపత్రిలో ఉన్నది పట్టే. మణికట్టు ఇంకా వంచి, ఆ పట్టుతోనే కుట్టాడు డాక్టరు. ఈసారి గుడ్డ అవతల మాటల్లేవు. భద్రమ్మ కూడా దేంతో అతుకుతున్నావని అడగలేదు. పిండికట్టు వేశాక ఆమె ఆ చేతిని పసిబిడ్డను మోసినట్టు గుండెలకానించుకుని ఇంటికొచ్చింది. నెల తర్వాత కట్టు విప్పుతామంటే భయపడి ఇంకో పదిరోజులు ఉండనిమ్మంది.

పట్టు పట్టు పనే చేసింది. లోపల వాచి గడ్డకట్టింది. వేళ్ల దాకా ఏదీ పాకలేదు. ఇంకోసారి ఏమైనా చేయొచ్చేమో చూద్దామన్నాడు డాక్టరు. ఆ చూద్దామనడం పూర్తి కాకముందే ఆయనకు ఎక్కడికో బదిలీ అయింది. వెళ్లేముందు ధర్మవరం వచ్చి, ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. తప్పు ఎవరిదన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. "నీకు ఇంకా గట్టిగా చెప్పాల్సింది నేను" అని మాత్రం లేచేటప్పుడు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఎనభైలు వచ్చాయి. వానలు రాలేదు. నల్లమాడ పక్క శెనక్కాయ చేలు ఎండి, ఆమె అన్నదమ్ములు గొర్రెలను అమ్ముకుని కూలికి బెంగళూరు పోయారు. నరసింహప్ప ఛాతీ ఒక చలికాలంలో ఆగిపోయింది. అతని మగ్గం గుంత పూడ్చి, ఓబమ్మ అక్కడ పొయ్యి పెట్టుకుంది. భద్రమ్మ బొటనవేలి కింద కండ కరిగి అరచేయి చదునైపోయింది. ఆ చేత్తో ఆమె చెంబు ఎత్తగలదు, చీపురు పట్టగలదు. పోగు మాత్రం పట్టలేదు.

పడుగులు ఇప్పుడు ఓబమ్మ అతుకుతోంది. అయినా వీధి భద్రమ్మను పూర్తిగా పక్కన పెట్టలేదు. అతకడం అయ్యాక లాగి చూసే పని ఆమెదే. ఎడమచేతికి ఏ జబ్బూ లేదు గదా. "భద్రమ్మక్క లాగితేనే నాకు నమ్మకం" అని పుల్లన్న పదిమందిలో అన్నాడు. అది మర్యాదకన్న మాటో నిజమో గానీ ఆ మాట మీద ఆమె కొన్నేళ్లు బతికింది. గడపలో నిలబడి, "లాగి చూసినావా అక్కా?" అంటే, "చూసినా" అని చెప్పడానికి ఆమె పొద్దున్నే స్నానం చేసి కూర్చునేది. నోరు మాత్రం పోయింది. ఆమె తిట్లు లేక వీధి బోసిపోయిందని తిట్లు తిన్నవాళ్లే అనేవాళ్లు.

ఎనభై ఐదు వేసవిలో పుల్లన్న తన కూతురి పెళ్లిచీరకు పడుగు పట్టుకొచ్చాడు. అమ్మకానికి కాదు, ఇంటికి. ఓబమ్మ రోజంతా కూర్చుని అతికింది. ఆ తర్వాత నీళ్ల లారీ వచ్చిందని కేకలు వినిపిస్తే బిందెలు తీసుకుని పరుగెత్తింది. భద్రమ్మ ఒక్కతే మిగిలింది. ఎడమచేత్తో మొదటి గుప్పెడు పోగులు పట్టుకుంది.

ఓబమ్మ అతుకులు సన్నగా, చక్కగా ఉన్నాయి. ఒక్కో మెలీ దారం వెంట బుద్ధిగా పడుకుని ఉంది. ఆమె పిడికిలి బిగించింది. లాగాలి. ఇంత బలం, మగ్గం లాగేంత. ఆ బలం ఎంతో చేతికి తెలుసు. మోచేతి దాకా ఆనాడు పాకిన వెచ్చదనం ఉన్నట్టుండి గుర్తుకొచ్చింది. పిడికిలి వదిలేసింది. ఇంకో గుప్పెడు పట్టుకుని, దాన్నీ వదిలేసింది. కొంగుతో చెమట తుడుచుకుని, మూడోసారి పట్టుకుని అలాగే కూర్చుంది. పుల్లన్న చెప్పుల చప్పుడు వినిపించేసరికి కూడా అలాగే కూర్చుని ఉంది.

"లాగి చూసినావా అక్కా?"

"చూసినా" అంది భద్రమ్మ.

మూడోనాడు పొద్దున పుల్లన్న మళ్లీ వచ్చాడు. అచ్చులోంచి ఊడొచ్చిన పోగుల కుచ్చు అతని చేతిలో ఉంది. పళ్ల మధ్య జారిపోయిన దారాలన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. పెళ్లిలోపు అయ్యే పని కాదు. గడపలో నిలబడ్డాడు. కోపంగా వచ్చినవాడే, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పక్కా. లాగి చూసినావా?"

"ల్యా."

"మరి చూసినా అంటివే?"

భద్రమ్మ ఒళ్లో ఉన్న చేతుల వైపు చూసుకుంది. "చెయ్యి రాల్యా పుల్లన్నా. అప్పుడే అతికినాది గదా, లాగితే పోతాదేమోనని…"

పుల్లన్న ఆ కుచ్చును జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పెళ్లికి చీర అంగట్లో కొన్నారు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, లోపల్నుంచి విన్న ఓబమ్మా చెప్పలేదు. భద్రమ్మకు పెళ్లిలో మొదటి బంతిలోనే విస్తరి వేయించాడు.

తర్వాతి పడుగు అతకడం అయిన రోజు భద్రమ్మ ఎప్పటిలాగే స్నానం చేసి, పడుగు పక్కన తన చోట కూర్చుంది. పుల్లన్న వచ్చి గడపలో నిలబడ్డాడు. ఒక్క క్షణం ఎటు చూడాలో తెలియనట్టు దూలం వైపు చూశాడు.

"ఓబమ్మా, లాగి చూసినావా?"

ఓబమ్మ అక్క వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "చూసినా అన్నా" అంది.

పుల్లన్నా ఓబమ్మా పడుగు చుట్టడం మొదలుపెట్టారు. భద్రమ్మ ముందున్న బూడిద చిప్పను ఎడమచేత్తో ఓబమ్మ పీట వైపు జరిపి, లేచి లోపలికి వెళ్లింది.